అత్త సమాధికి సున్నం

2024లో ఈస్టరుకి ముందటి ఆదివారం, మట్టలాదివారం నాడు నాన్న చర్చి నుంచి వచ్చి, చొక్కా మార్చుకుంటూ, "ఈసారి ఈస్టరుకి కోరాపుట్ వెళ్దాం తల్లీ, అక్క దగ్గరికి" అన్నారు. అక్క అంటే మా పెద్దత్త. ఆవిడ పోయి అప్పటికి ముప్పై నాలుగేళ్లు.

మాది సాలూరు. కోరాపుట్ ఒడిశా వైపు, మాకు కొండ మీది ఊరు, అంతే. మోకాళ్ల ఆపరేషన్ అయ్యేదాకా నాన్న ఏటా ఈస్టరు తెల్లవారుజామున అక్కడే ఉండేవారు. ఆఖరిసారి వెళ్లింది 2015లో. ఈ సంగతి తెలిసి తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "నాన్నా, తొమ్మిదేళ్లయింది. మట్టి సమాధి. వానలకి ఈపాటికి ఉందో లేదో. ఆ మోకాళ్లతో ఘాట్ రోడ్డెక్కి వెళ్లి ఏం చూస్తావ్?" వాడన్నది తప్పని నాకూ అనిపించలేదు. నాన్న మాత్రం ఏమీ అనలేదు. సాయంత్రం బజారుకెళ్లి కిలో సున్నం, ఒక కుంచె, కొవ్వొత్తుల ప్యాకెట్ ఒకటి తెచ్చుకున్నారు.

గుడ్ ఫ్రైడే ఆరాధన సాలూరులోనే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటలు, మాటకొకరు చెప్తారు. నాన్నకి ఎప్పుడూ మూడోది ఇస్తారు: "అమ్మా, యిదిగో నీ కుమారుడు." చేతుల్లో మేకులున్న మనిషి, ఊపిరి అందని మనిషి, ఆ సమయంలో కూడా తల్లి రేపు ఎవరింట్లో అన్నం తింటుందో చూసుకున్నాడు. శిష్యుడు యోహానుకి అప్పగించాడు. త్యాగమనగానే మనం రక్తం గురించే మాట్లాడతాం. ఆ రక్తం మధ్యలో ఇంటి సంగతి కూడా ఒకటి ఉంది. నాన్న ఇదే చెప్తూ చెప్తూ ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మా అక్క" అన్నారు. ఆ తర్వాత మాట రాలేదు. అయ్యగారు లేచి పాట ఎత్తుకున్నారు.

అక్కడ ఆగిపోయిన మాట ఏమిటో నాకు తెలుసు. మా ఇంట్లో అటక మీద అత్త ట్రంకుపెట్టె ఉంది. అందులో రెండు తెల్ల చీరలు, ఒక బైబిలు, దారంతో కట్టిన మనియార్డర్ రసీదుల కట్ట. అప్పట్లో డబ్బు ముట్టాక సంతకం చేయించి పంపినవాళ్లకి పోస్టులో తిరిగొచ్చే చిన్న ముక్కలవి. అత్త 1962లో కొండ మీద మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరింది. అప్పుడు ఆవిడకి ఇరవయ్యొక్కటి. తాత కూలికెళ్లేవాడు, సంతకం రాదు. అందుకే ప్రతి ముక్క మీదా ఆయన బొటనవేలి ముద్ర. నీలం సిరా కొన్నిటి మీద అలుక్కుపోయింది, కొన్నిటి మీద గీతలు ఎంచుకోవచ్చు. ముప్పై రూపాయలు, ముప్పై అయిదు, నలభై. 1968 దగ్గరికొచ్చేసరికి వేలిముద్రలు ఆగి సంతకాలు మొదలవుతాయి. అవి నాన్నవి, విజయనగరం కాలేజీలో చేరాక. అంతా కలిపి పదకొండేళ్లు. అత్త పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక లేదే" అనేదట. 1990లో మలేరియా మెదడుకెక్కి మూడు రోజుల్లో పోయింది. అక్కడే మట్టి చేశారు.

శనివారం పొద్దున్నే బస్సెక్కాం. సువార్తలో ఈ రోజు గురించి దాదాపు ఏమీ ఉండదు. విశ్రాంతి దినం గనక ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని ఊరకే ఉన్నారు, అంతే. నాకు మాత్రం ఆ వారం మొత్తంలో శనివారమే కష్టమైన రోజనిపిస్తుంది. శుక్రవారం ఏడవటానికి ఉంది, ఆదివారం పాడటానికి ఉంది. శనివారం చేతులు ఖాళీ. మనలో చాలామంది బతికేది ఆ రోజులోనే కదా.

సుంకి దాటాక మలుపులు మొదలయ్యాయి. లోయలో జీడిమామిడి తోటలు, పైన నున్నటి బోడి కొండలు, అక్కడక్కడా ఎండిన గెడ్డలు. నాన్న కిటికీ పక్కన కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ దొరల కథ చెప్పారు. నేను చిన్నప్పటి నుంచి విన్నదే, ఆ రోడ్డు మీద వింటే వేరేగా ఉంది. జర్మనీ ఉత్తరాన బ్రెక్లుమ్ అనే చిన్న ఊరు నుంచి పోల్, బోత్‌మన్ అనే ఇద్దరు మిషనరీలు 1882లో ఈ జైపూరు కొండలకని బయల్దేరి వచ్చారు. అప్పటికి ఈ రోడ్డు లేదు. కొండ జ్వరం వాళ్లని నిలవనియ్యలేదు. కిందికి దిగి సాలూరులో కాలు పెట్టారు, మళ్లీ పైకి దారి వెతుక్కున్నారు. జ్వరం దోమ వల్ల వస్తుందని అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని కనిపెట్టింది 1897లో. అంటే పదిహేనేళ్ల తర్వాత. వచ్చిన వాళ్లకి తమని చంపేది ఏమిటో కూడా తెలియదు. "తెలిశాక వచ్చింది అక్క" అన్నారు నాన్న. "నర్సు కదా. అన్నీ తెలిసే వచ్చింది."

పొట్టంగి దగ్గర టీ తాగాం. కొట్టతను ఒడియాలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి దిగాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాయే. గీత మారినా బంధుత్వాలు మారలేదు. కోరాపుట్‌లో మాకు గది ఇచ్చిన ముసలావిడ కూడా సాలూరు ఆడపడుచే. రాత్రి చోడి అంబలి, పనసకాయ కూర పెట్టి, "పండక్కి పుట్టింటివాళ్లొచ్చారు" అని సంబరపడింది.

నాలుగింటికి లేచాం. మార్చి నెలాఖరు, కింద సాలూరులో ఫ్యాను లేనిదే పడుకోలేం. ఇక్కడ శాలువా కప్పుకున్నా వణుకే. హోలీ పున్నమి వెళ్లి ఆరు రోజులు, తరిగిన చంద్రుడు దక్షిణాన ఆకాశంలో ఉన్నాడు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి చూసుకుని, దాని తర్వాతి ఆదివారం ఈస్టరు. అందుకే ఈ పండగ పొద్దున ఆకాశంలో ఎప్పుడూ చంద్రుడు ఉంటాడని నాన్న చెప్పేవారు.

ఊరు దాటాక చీకట్లో టార్చి వెలుగులు కనిపించాయి. మాలాగే సమాధుల తోటకి వెళ్లేవాళ్లనుకున్నాను. దగ్గరికొస్తే కొండజాతి ఆడవాళ్లు, నలుగురు, చంకన బుట్టలు. ఇప్పపూలకి వెళ్తున్నారు. ఇప్పపువ్వు రాత్రే రాలుతుంది; పశువులు తినేయకముందే, ఎండ రాకముందే ఏరుకోవాలి. ఒకావిడ బుట్ట అప్పటికే సగం నిండింది. నా టార్చి వేస్తే లేత పసుపు రంగులో, తడిగా, పెద్ద ముత్యాల్లాగా ఉన్నాయి పూలు. తియ్యటి ఘాటు వాసన. ఆవిడ గుప్పెడు తీసి నా చేతిలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా ముందుకెళ్లిపోయింది.

ఆ నలుగురినీ చూస్తూ నడుస్తుంటే మార్కు సువార్తలో ముగ్గురు ఆడవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లూ ఇలాగే పెందలకడే బయల్దేరారు. దారిలో ఒకరినొకరు అడుగుకుంటారు: సమాధి మీది రాయి మన కోసం ఎవరు దొర్లిస్తారు? అది చాలా పెద్ద రాయి. జవాబు ఎవరి దగ్గరా లేదు. అయినా ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు. ఇన్నేళ్లుగా నేను ఈ భాగంలో దేవదూత కోసం చదివాను. ఆ ప్రశ్న దగ్గర ఎప్పుడూ ఆగలేదు. వాళ్లు వెళ్లింది ఆశతో కూడా కాదు, చనిపోయిన మనిషికి చేయాల్సిన పని మిగిలిపోయిందని. ఆశ వాళ్లకి అక్కడికి వెళ్లాక ఎదురొచ్చింది. నాన్న నా ముందు కర్ర పోటేస్తూ నడుస్తున్నారు, ఇంకో చేతిలో సున్నం డబ్బా.

సమాధుల తోటలో అప్పటికే వందమంది దాకా ఉన్నారు. ఎవరి సమాధి దగ్గర వాళ్లు కొవ్వొత్తి వెలిగించి నిలబడ్డారు. ఆరాధన ఒడియాలో సాగింది. పాస్టరుగారు తెలుగు వాళ్లని చూసి మధ్యలో "క్రీస్తు లేచెను" అన్నారు. "నిజముగా లేచెను" అని మేం పదిమందిమి అన్నాం. నాన్న గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది.

అయితే అత్త సమాధి కనిపించలేదు. నేరేడు చెట్టుకి కుడిపక్క అని నాన్న గుర్తు. నేరేడు చెట్టు కొట్టేశారు. మొద్దు మాత్రం ఉంది. కర్ర సిలువ చెదలు తిన్నట్టుంది. ఫోన్ లైట్ వేసుకుని గడ్డిలో వెతికితే మొద్దుకి అటొకటి ఇటొకటి రెండు దిబ్బలు కనిపించాయి. రెండిటి చుట్టూ ఇటుకలు, రెండిటి మీదా పేరు లేదు. కుడి అంటే ఎటు నిలబడితే కుడి? నాన్న ఇటొచ్చి నిలబడ్డారు, అటెళ్లి నిలబడ్డారు. నాకు టెన్షన్ పట్టుకుంది, ఈ మనిషి ఇప్పుడు ఏమైపోతారోనని. తమ్ముడి మాట గుర్తొచ్చింది.

తెల్లవారుతోంది. తోటలో ఏడుస్తూ నిలబడ్డ మగ్దలేనే మరియ ఎదురుగా ఉన్న ప్రభువునే తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచేదాకా గుర్తుపట్టలేదు. ఇక్కడ మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. నాన్న కాసేపు అలాగే చూసి, "బకెట్ అడిగి తే తల్లీ" అన్నారు.

సున్నం రెండు భాగాలు కలిపాం. నేను గడ్డి పీకాను. నాన్న మోకాళ్లు వంగక, చిన్న బండ మీద కూర్చుని ఒక దిబ్బ ఇటుకలన్నిటికీ సున్నం వేశారు. తర్వాత బండ ఇటు జరిపించుకుని రెండోదానికి. కుంచె ఒకేలా, తొందర లేకుండా. ఒకటి అక్కది, ఒకటి ఎవరిదో. ఏది ఎవరిదని మేం మళ్లీ మాట్లాడుకోలేదు. కొవ్వొత్తులు చెరి సగం పెట్టాం. నా చేతిలో ఇప్పపూలు వాడిపోయాయి, అవి కూడా పంచాను.

ఎండ పడేసరికి రెండూ తెల్లగా ఆరాయి. బకెట్ అడుగున ఇంకా కొంచెం సున్నం మిగిలింది. నాన్న కర్ర పట్టుకుని లేచి, పక్కన ఇంకా సున్నం పడనివి ఏమున్నాయా అని గడ్డిలోకి చూస్తున్నారు.