చిత్తూరు దాకా పోయి తెచ్చుకున్న ఇనుప సొరుగులు

తిరుపతిలో బీరువా కావాలంటే ఏ వైపు పోయినా దొరుకుతుంది. రెండు తలుపులు, నాలుగు అరలు, లోపల ఒక లాకరు, అడిగితే తలుపు మీద నిలువుటద్దం కూడా బిగించి ఇస్తారు. నాకు కావాల్సింది అది కాదు. పానాలు, మరలు కోసే ట్యాపులు, డ్రిల్ బిట్లు పరిచి పెట్టుకోడానికి లోతు తక్కువ ఉన్న ఇనుప సొరుగులు కావాలి. పైవి రెండు మూడు అంగుళాల లోతు, కిందివి ఆరంగుళాలు ఉంటే చాలు.

మాది మోటార్ల రిపేరు, చిన్నపాటి లేత్ పని చేసే షెడ్డు. 2021 నవంబర్ వానలకు తిరుపతిలో వీధులు కాలవలైపోయినప్పుడు మా షెడ్డులోకీ నీళ్లొచ్చి, చెక్క బల్ల సొరుగులు ఉబ్బి బిగుసుకుపోయాయి. అప్పట్నుంచీ ఒక్కోటి తియ్యాలంటే బల్లకు కాలు అడ్డం పెట్టి లాగాల్సిందే.

రేణిగుంట రోడ్డులో ఆఫీసు ఫర్నిచర్ అంగళ్లు చూశాను. నాలుగు సొరుగుల ఫైలింగ్ క్యాబినెట్ ఉంటుంది వాళ్ల దగ్గర, ఫైళ్లు నిలబెట్టాలి కాబట్టి ఒక్కో సొరుగు దాదాపు అడుగు లోతు, అందులో పానాలు పోస్తే పదమూడో నంబరు కోసం కుప్పంతా తవ్వాలి. బీరువాలు చేసే ఆయన్ని అడిగితే "చేసిస్తాం సామీ, కొలతలు ఇవ్వండి" అన్నాడు గానీ ఆయన వాడేది 22 గేజు రేకు, అంటే 0.7 మిల్లీమీటర్లు. చీరలకు, దుప్పట్లకు అది బ్రహ్మాండంగా సరిపోతుంది, ముప్పై కేజీల ఇనుము పెడితే మాత్రం సొరుగు అడుగురేకు కిందికి వంగిపోతుంది. 18 గేజు, 1.2 మిల్లీ రేకుతో చెయ్యమంటే, అంత మందం తన బెండింగ్ మిషన్ మీద వంగదన్నాడు. ఉన్నమాట చెప్పాడు, అందుకు సంతోషమే. కంపెనీ వాళ్ల కొత్త టూల్ క్యాబినెట్ల రేట్లు కూడా కనుక్కున్నాను, ఆ ఊసు వదిలేద్దాం.

చిత్తూరులో చూడమని చెప్పింది మాకు వైండింగ్ తీగ ఇచ్చే ఆయన. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు సామాన్లు మార్చినప్పుడల్లా పాతవన్నీ అక్కడి పాతినుము కొట్లకు వస్తాయట. మా మేనల్లుడికి టాటా ఏస్ ఉంది. డీజిల్, టిఫిన్ నావి అనే ఒప్పందం మీద పొద్దున్నే బయల్దేరాం.

దూరం 70 కిలోమీటర్లు. చంద్రగిరి దాటేదాకా వాడు నిద్రమత్తులోనే నడిపాడు, నాకు టెన్షన్. పూతలపట్టు దగ్గర రాయచోటి, పీలేరు మీదుగా వచ్చే రోడ్డు కలుస్తుంది, అక్కడినుంచి తోతాపురి కాయల ట్రాక్టర్లు మొదలు. ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు వరస ఎంత పొడుగుందంటే కొందరు రైతులు ట్రాక్టరు కిందే చాప పరుచుకుని పడుకున్నారు. ఎండకు కాయ మెత్తబడిపోతుంటే, గేటు లోపలికి ఎప్పుడు పిలుస్తారో తెలియక వాళ్లు పడే అవస్థ చూస్తే నా సొరుగుల గోల చాలా చిన్నదనిపించింది.

కాణిపాకం క్రాస్ దగ్గర "మామా, ముందు దర్శనం చేసుకుని పోదామా" అన్నాడు. ముందు పని, తర్వాత దర్శనం అన్నాను.

మొదటి కొట్లో అన్నీ స్టీలు ట్యాంకులు, పైపులు. ఇంకో చోట ఆసుపత్రి మంచాలు. చివరికి నీవా నది వైపు ఒక కొట్లో, పాత జనరేటరు వెనకాల, బూడిద రంగు క్యాబినెట్ ఒకటి కనిపించింది, ఎనిమిది సొరుగులు, పై ఆరూ మూడంగుళాలవే! మనసులో ఎగిరి గంతేశాను, మొహం మాత్రం మామూలుగా పెట్టుకున్నాను.

ఇలాంటి వాటికి రంగు చూసి మోసపోకూడదు. నేను పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని పోయాను. తుప్పు తిన్న చోట లప్పం పెట్టి పైన రంగు కొట్టి ఉంటే అక్కడ అయస్కాంతం పట్టదు, జారిపోతుంది. అడుగు మూలల్లో, వెనక రేకు మీద మెల్లగా జరుపుకుంటూ పోయాను, అంతటా గట్టిగానే పట్టింది. సొరుగు అంచు మీద మందం కొలిచే వెర్నియర్ పెడితే రంగుతో కలిపి 1.3 మిల్లీ చూపించింది. మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టి రెండు వైపులా కొలిస్తే తేడా లేదు, అంటే పెట్టె ఎక్కడా వంకర పోలేదు.

మూడో సొరుగు లాగాను, బాల్ బేరింగ్ ఛానల్ మీద చివరిదాకా వచ్చింది. అది అట్లాగే వదిలేసి ఐదోది లాగితే రాలేదు. రెండోదీ రాలేదు. "తుప్పు పట్టి ఇరుక్కున్నాయి మామా, వద్దు" అన్నాడు మావాడు, కొట్టాయనకు వినపడేలా. కొట్టు పెద్దాయన నొచ్చుకున్నాడు. "కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేసి చెప్తా నాయనా, నిన్న అన్నీ వచ్చినాయి" అన్నాడు. ఈ జిల్లాల్లో ఆ మాట ఊరికే అనరు, ఊళ్లో తగాదా తెగకపోతే ఆ గుళ్లో ప్రమాణానికే పోతారు. నాకు అప్పుడు వెలిగింది. మూడోదాన్ని లోపలికి తోసి ఐదోది లాగాను, వెన్నలా వచ్చింది. అది ఇంటర్‌లాక్. ఒకటి తెరిచి ఉంటే మిగతావన్నీ లోపలి కడ్డీకి పట్టుకుని ఉంటాయి. బరువు నిండిన సొరుగులు రెండు మూడు ఒకేసారి బయటికి వస్తే పెట్టె మొత్తం ముందుకు ఒరిగి మనిషి కాళ్ల మీద పడుతుంది, అందుకే ఆ ఏర్పాటు. పెద్దాయన తనూ ఒకటి రెండు సార్లు లాగి చూసుకుని తెగ నవ్వాడు, ఆ నవ్వులోనే రేటు కూడా కాస్త పెంచాడు!

ఆయన అడిగింది పీసు రేటు, నేను కేజీ లెక్కన ఇమ్మన్నాను. నూటయాభై కేజీలకు తక్కువుండదని ఆయన వాదన. ఒక మిల్లీ మందం రేకు చదరపు మీటరు 7.85 కేజీలు తూగుతుంది, ఆ లెక్కన 1.2కి తొమ్మిదిన్నరకు కాస్త తక్కువ, పెట్టె, సొరుగులు కలిపి వందకు అటూ ఇటూ రావాలని కాగితం మీద వేసి చూపించాను. కాటా మీద 104 వచ్చింది. పాతినుము ధరకు కొంచెం పైన, ఆయనకూ నాకూ ఇబ్బంది లేని చోట బేరం తెగింది. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి తిని, వచ్చేటప్పుడు కాణిపాకంలో దర్శనం కూడా చేసుకున్నాం.

షెడ్డులో సొరుగులన్నీ తీసి కిరోసిన్‌తో ఛానళ్లు కడిగాను. గ్రీజు పెట్టలేదు, లేత్ దగ్గర ఎగిరే ఇనుప పొడి గ్రీజుకు అంటుకుని బాల్స్‌ను అరగదీస్తుంది, కుట్టు మిషను నూనె రెండు చుక్కలు చాలు. మళ్లీ నీళ్లొచ్చినా తడవకుండా కింద నాలుగంగుళాల సి-ఛానల్, అంటే సి ఆకారం ఇనుప కమ్మీ, వేసి, ఇంటర్‌లాక్ ఉన్నా సరే వెనక గోడకు యాంకర్ బోల్టులు బిగించాను. బరువైన పుల్లర్లు, సాకెట్లు అన్నీ అడుగు సొరుగుల్లో.

రెండు సొరుగుల ఛానళ్లు మాత్రం అరిగిపోయాయి. ఇప్పుడు అంగళ్లలో దొరికే 45 మిల్లీ ఛానల్‌కు ఒక్కో పక్క అరంగుళం సందు కావాలి, ఈ పాతదాంట్లో అంత లేదు, సొరుగు పక్క రేకు కోసి మళ్లీ వెల్డింగ్ చెయ్యాలి. తీరిక దొరికేదాకా వాటిలో ఎమరీ కాగితాలు, కాటన్ వేస్టు, బిల్లు పుస్తకాలు.