మూడుసార్లు అడిగిన ప్రార్థన

మన బడిలో రోజూ పొద్దున్నే వరుసల్లో నిలబడి పరలోక ప్రార్థన చెప్పేవాళ్లం, గుర్తుందా? ‘నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు’ దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ ఒక్క ఊపులో పరుగెత్తేవి. పదేళ్లు అలా చెప్పీ చెప్పీ ఆ మాట నోటికి వచ్చేసింది. దాన్ని నేను మొదటిసారి నిజంగా విన్నది మాత్రం పదో తరగతిలో. ఆ సంగతి మన బడి వాళ్లకు చెప్పుకోవాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

ఆ ఏడు మా నాన్న జబ్బుపడ్డారు. నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నారు. సంఘం వాళ్లు వచ్చి ప్రార్థన చేసి, “అంతా దేవుని చిత్తమమ్మా, దిగులు పడకూడదు” అని వెళ్లేవారు. ప్రేమతోనే అనేవారు. విశ్వాసం ఉన్న పిల్ల ఏడవకూడదని నేనూ గట్టిగా నమ్మాను. ఎవరు పలకరించినా “ప్రభువు చిత్తం” అని నవ్వేదాన్ని.

బైబిలు పీరియడు చెప్పే మా టీచరు గారికి ఆ నవ్వు నచ్చలేదు. (పేరు రాస్తే ఆవిడకు ఇష్టం ఉండేది కాదు, మా బ్యాచి వాళ్లకు ఎలాగూ తెలుసు.) ఒకరోజు బడి వదిలాక నన్ను ఆగమన్నారు.

“నాన్నకు ఎలా ఉంది తల్లీ?”

“ప్రభువు చిత్తం టీచర్.”

“సరే. నీకేం కావాలి?”

నోట మాట రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. చాలాసేపటికి “నాన్న బతకాలి టీచర్” అని భోరుమన్నాను.

“ఈ మాట దేవుడితో అన్నావా?”

అనలేదు. అడిగాక ఆయన కాదంటే ఏమైపోతానో అని భయం. ఆ భయానికి ‘దేవుని చిత్తం’ అనే ముసుగు కప్పి దాచుకున్నానని ఆ పూటే తెలిసింది.

టీచరు గారు బైబిల్లో మత్తయి సువార్త 26వ అధ్యాయం తీశారు. గెత్సేమనే అంటే నూనె గానుగ అని, ఒలీవల కొండ దగ్గరి తోట అని చెప్పారు. సిలువ వేయడానికి ముందు రాత్రి యేసు అక్కడ మూడుసార్లు ప్రార్థించాడు. మొదటిసారి ‘సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము’ అని అడిగాడు. గిన్నె అంటే రాబోతున్న ఆ బాధ. నీ చిత్తప్రకారమే కానిమ్మని కూడా అన్నాడు గానీ, ముందు వచ్చింది అడగడమే. రెండోసారి మాట మారింది. నేను దీన్ని తాగితేనే గాని ఇది తొలగిపోదంటే నీ చిత్తమే సిద్ధించును గాక, అన్నాడు. మూడోసారీ అవే మాటలు.

“చూశావా? దేవుని కుమారుడే మూడుసార్లు ప్రార్థించాల్సి వచ్చింది. నువ్వు ఒక్కసారైనా అడగకుండానే చివరి మాటకు వెళ్లిపోయావు” అన్నారు. ఆ రెండు ప్రార్థనలనూ వేలితో చూపించి మళ్లీ మళ్లీ చదివించారు. లోబడడం ఆ ప్రార్థన లోపలే, చెమట రక్తబిందువుల్లా కారుతుండగా జరిగిందని తన సువార్తలో లూకా చెబుతాడు. అక్కడ ఆయన తండ్రిని పిలిచిన పిలుపు ‘అబ్బా’ అని మార్కు రాశాడు. అది ఇంట్లో బిడ్డ పిలిచే పిలుపు. భయపడే చోట నోట రాని పిలుపు.

ఆ రాత్రి అడిగాను. గట్టిగా, ఏడుస్తూ అడిగాను. పరీక్షలకు ముందే నాన్న చనిపోయారు.

ఆ తర్వాత వెంటనే నాకు శాంతి దొరికిందని రాస్తే అబద్ధమవుతుంది. చాలా ఏళ్లు దేవుడితో సరిగా మాట్లాడలేదు. ఆ రోజుల్లో నాకు తోడున్నది 88వ కీర్తన. మొదటి నుంచి చివరి దాకా మొరే. ఆఖరికి కూడా చీకటి మాటతోనే ఆగిపోతుంది. అలాంటి పాటనూ దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడంటే, నన్నూ తన దగ్గర ఉండనిస్తాడనిపించింది. అపొస్తలుడైన పౌలు కూడా తనను బాధించే ‘శరీరంలోని ముల్లు’ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. కాదన్న జవాబు ఇచ్చిన తండ్రి పక్కనే నిలబడి ఉంటాడని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒక్క విషయం మాత్రం కాస్త కోపంగానే రాస్తాను. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి ‘దేవుని చిత్తం, ఓర్చుకో’ అని చెప్పేవాళ్లను చూశాను. అది సమర్పణ కాదు, ఆమె నోరు నొక్కడం. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బాధపడిన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచి అతని బాధకు కారణాలు చెప్పాకే దేవుని కోపానికి గురయ్యారు. కొడుకును కంటావన్న దూత మాటకు ‘నీ మాట చొప్పున నాకు జరుగును గాక’ అన్న యేసు తల్లి మరియ కూడా, అంతకుముందు ‘యిదేలాగు జరుగును’ అని అడిగింది. అడిగినందుకు ఆమెను ఎవరూ గద్దించలేదు.

దేవునికి తమను అప్పగించుకున్నవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరని కూడా ఇక్కడే చెప్పాలి. సొంత ఊళ్ల నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరంలో, తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందన్న మాట ఉంది. ఆ ఉత్తరంలోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని కూడా ఉంది. నాన్న పోయిన ఏడే నేను పరీక్షలు రాశాను. టీచరు గారు దగ్గర కూర్చోబెట్టి చదివించారు.

చాలా కాలం తర్వాత ఆవిడ మంచం పట్టారని తెలిసి చూడడానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. బయల్దేరేముందు ప్రార్థన చేయమన్నారు. ఏమని చేయాలో తోచలేదు.

“ఏమని అడగమంటారు టీచర్?”

“బాగవ్వాలని అడుగు తల్లీ. నాకు ఇంకా బతకాలని ఉంది” అన్నారు. కాసేపాగి, నా చెయ్యి పట్టుకుని, “మొదటి సగం నువ్వు చెప్పు. రెండో సగం నేను చెప్పుకుంటాను” అన్నారు.

నేను చెప్పాల్సింది చెప్పి ఆగాను. ఆవిడ కళ్లు మూసుకుని, మన అసెంబ్లీలో చెప్పే ఆ ఒక్క వాక్యాన్నీ ఒక్కో మాటే కూడదీసుకుంటూ చెప్పారు.