మీరు, నువ్వు, భద్రపరచాలా?

మేముంటున్న కీల్ నగరం జర్మనీ ఉత్తర భాగంలో ఉన్న ష్లేస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రానికి రాజధాని. 2024 ఏప్రిల్‌లో ఇక్కడి ప్రభుత్వం తన కార్యాలయాల్లోని దాదాపు 30,000 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్థానంలో, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే, ఎవరైనా మార్చి మెరుగుపరచగలిగే లిబ్రేఆఫీస్‌ను పెడతామని ప్రకటించింది. ఆ సంగతి బడిలో విని వచ్చిన మా పదమూడేళ్ల అమ్మాయి దాన్ని ఇంట్లో కంప్యూటరులోకి దించుకుని, భాషల పట్టికలో తెలుగు కనిపించగానే ఎంచుకుంది. కొన్ని మెనూలు తెలుగులోనూ, కొన్ని ఇంగ్లీషులోనూ వచ్చాయి. "మిగతాది ఎవరు రాస్తారమ్మా?" అని అడిగింది. మా ఏడాది ఆ ప్రశ్నతోనే మొదలైంది.

లిబ్రేఆఫీస్ వెనుక ఉన్న డాక్యుమెంట్ ఫౌండేషన్ బెర్లిన్‌లో నమోదైన సంస్థ. అనువాదాలు వెబ్లేట్ అనే మరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో జరుగుతాయి. ఒక్కో మెనూ మాట, ఒక్కో హెచ్చరిక విడివిడిగా వస్తుంది. మనం తెలుగు రాసి సూచనగా పంపితే, అనుభవమున్న స్వచ్ఛంద అనువాదకులు చూసి అంగీకరిస్తారు. 2024 సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం ఒక గంట, నా ఖాతాలో, నా పక్కన కూర్చుని తను ఈ పని చేసింది.

మార్పులను భద్రపరచాలో వద్దో అడిగే వాక్యానికి మొదట "నువ్వు మార్పులను భద్రపరచాలనుకుంటున్నావా?" అని రాసింది. మా అమ్మాయికి తెలుగంటే నేను, వాళ్ల నాన్న, ఫోనులో అమ్మమ్మ, తాతయ్య. మా అందరినీ తను నువ్వు అనే పిలుస్తుంది. కూరగాయల కొట్టు యజమానినో, బస్సులో పక్క సీటు పెద్దాయననో తెలుగులో పలకరించవలసిన అవసరం పదమూడేళ్లలో రాలేదు. నేను మా నాన్నగారిని మీరు అనడం తను ఎన్నోసార్లు విన్నది. కాని తాతయ్యనూ అమ్మమ్మనూ కలిపి అంటున్నాననుకుందట. ఇన్నేళ్లుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నామన్న ధీమాతో ఉన్న నాకు ఆ మాట విని మనసు చివుక్కుమంది. జర్మన్‌లో టీచరును 'జీ' అనాలనీ, స్నేహితురాలిని 'డూ' అనాలనీ తనకు చిన్నప్పుడే వచ్చేసింది గనుక, చివరకు ఆ పోలికతోనే తెలుగు మర్యాదను వివరించాను. అప్పుడు తను వెంటనే అడిగింది: "మరి ఇక్కడ ఎవరూ సొంత నాన్నను జీ అనరు కదా, నువ్వు తాతయ్యను మీరు అంటావేం?" ఆ ఆదివారం అనువాదం ముందుకు సాగలేదు. మా నాన్నగారి గురించి, ఆయన ముందు మేము ఎలా మసిలేవాళ్లమో, ఆ మీరులో భయం ఎంతో ప్రేమ ఎంతో చాలాసేపు చెప్పుకున్నాం.

ఖమ్మంలో ఉండే మా నాన్నగారు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి విరమించారు. ఫైలుకు దస్త్రం అన్న మాట చూసి ఆయన చాలా సంతోషించి, గుడ్డలో కట్టిన కాగితాల కట్టను తాము దస్త్రం అనే పిలిచేవాళ్లమని మనవరాలికి చెప్పారు. మా తగువు కూడా ఆయనే తీర్చారు. "భద్రపరచాలా అంటే చాలు కదమ్మా, నువ్వూ మీరూ ఎందుకు?" అన్నారు. భద్రపరచాలనుకుంటున్నారా అని జర్మన్‌లో అడగాలంటే ఆ సర్వనామం తప్పదు. తెలుగులో అది లేకుండానే వాక్యం నిండుగా నిలుస్తుంది. మా అమ్మాయి ఆ వాక్యాన్ని "మార్పులను భద్రపరచాలా?" అని దిద్దింది.

పుటల సంఖ్య చూపే చోట ఇంగ్లీషు, జర్మన్ వాక్యాలలో ముందు ప్రస్తుత పుట, తరువాత మొత్తం వస్తాయి. తెలుగులో "10 పుటల్లో 3వది" అని తిరగబడుతుంది. దాన్ని తనంతట తనే పట్టుకుంది. ఒత్తులు మాత్రం నెలల తరబడి ఏడిపించాయి. చెవికి ఒకటిగా వినిపించే ద, ధలు టైపు చేసేటప్పుడు వేరు కాక తప్పదు.

నవంబరు నుంచి మార్చి వరకు మేము పంపిన సూచనలను ఎవరూ చూడలేదు. ఫిబ్రవరిలో లిబ్రేఆఫీస్ కొత్త కూర్పు 25.2 వెలువడినప్పుడు తన మాట ఒక్కటీ అందులో లేదు. రెండు వారాలు కంప్యూటరు ముందుకు రాలేదు. తెలుగు వైపు పనిచేసేవారు కొద్దిమందేననీ, ఉద్యోగాలు ముగించుకుని రాత్రుళ్లు చూస్తారనీ చెప్పాను. నాకూ బాధగానే ఉంది, అయితే ఆ ఖాళీని నింపవలసినది మనలాంటివాళ్లమేనని నా నమ్మకం. ఏప్రిల్‌లో ఒక అనువాదకుడు వరుసగా చూసి, కొన్నిటిని అంగీకరించి, కొన్నిటిని దిద్దారు. ఆయనకు కృతజ్ఞతలు చెబుతూ తను రాసిన రెండు వాక్యాలలో మూడుసార్లు మీరు అని ఉంది. నేను ఒకటీ తీసేయలేదు.

ఆగస్టులో తరువాతి కూర్పు 25.8 వచ్చింది. ప్రస్తుతం తాతామనవరాళ్ల మధ్య నలుగుతున్నది మరో చిక్కు: చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికీ, మొదలుపెట్టకుండా మానుకోవడానికీ రెండింటికీ రద్దు అన్న మాటే వాడవలసి వస్తోంది. తాతయ్య పాత ఉత్తర్వుల భాషలో వెతుకుతున్నారు. మనవరాలు వచ్చే ఆదివారం దాకా గడువిచ్చింది.