నెపోలియన్ కోసం వెళ్ళి, కోర్తే రైలెక్కాను

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని తూలోన్ రేవులో రాత్రి ఓడ ఎక్కితే తెల్లారేసరికి నెపోలియన్ పుట్టిన కార్సికా దీవిలో, అజాక్సియోలో దింపుతాడు. క్యాబిన్ ధర చూసి గుండె గుభేల్‌మంది, కుర్చీ టికెట్టే తీసుకున్నాను. ఏసీ చలికి రాత్రంతా నిద్ర లేదు. ఆ కుర్చీకిచ్చిన డబ్బుతో కాకినాడ నుంచి హైదరాబాద్‌కి స్లీపర్ బస్సులో నాలుగుసార్లు వెళ్ళిరావచ్చు.

అయినా ఈ ప్రయాణం నా చిన్ననాటి బాకీ. యానాంలో మా స్కూలు గోడ మీద నీలం రంగుతో "అసాధ్యం అనే మాట నా నిఘంటువులో లేదు - నెపోలియన్" అని రాసి ఉండేది. సోషల్ మాస్టారు తూలోన్ ముట్టడి చెబుతూ సుద్దముక్కలతో బల్ల మీద ఫిరంగులు పేర్చేవారు. 24 ఏళ్ళకే బ్రిగేడియర్ జనరల్, 30 ఏళ్ళకి ఫ్రాన్స్ మొత్తానికి అధికారి, 35కి చక్రవర్తి. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెడుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

తెల్లవారుజామున డెక్ మీదకి వచ్చాను. కొండలింకా మసగ్గానే ఉన్నాయి గానీ వాసన ముందే వచ్చేసింది. ఎండిన తుప్పలు, అడవి తులసి, ఏదో జిగురు కలిసిన ఘాటు. కళ్ళు మూసుకున్నా ఈ వాసనతో నా దీవిని గుర్తుపడతానని నెపోలియన్ చివర్లో చెరలో ఉన్న సెయింట్ హెలెనా దీవిలో అన్నాడని చెబుతారు. ఆ ఉదయం ఆ మాట నమ్మాను.

అజాక్సియోలో రెండు రోజులున్నాను. విమానాశ్రయం ఆయన పేరే, వీధులు ఆయనవీ ఆయన చుట్టాలవీ. ఒక కూడలిలో రోమన్ బట్టలతో, నాలుగు సింహాల మధ్య నిలబడి ఉంటాడు. ఇంకో కూడలిలో నలుగురు అన్నదమ్ముల నడుమ గుర్రం మీద. కసోన్ కొండ దగ్గర ఆ పొడవాటి మెట్లెక్కుతుంటే గెలిచిన యుద్ధాల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఆయన పుట్టిన ఇల్లు మ్యూజియం, టికెట్టు కొని తిరిగాను. అన్నీ ఉన్నాయి గానీ మాస్టారు చెప్పిన మనిషి మాత్రం ఎక్కడా దొరకలేదు. దుకాణం నిండా ఆయన టోపీ బొమ్మ వేసిన కత్తులు, మాగ్నెట్లు చూసి మనసు ముడుచుకుపోయింది. లాడ్జి నడిపే కుర్రాడు నా మొహం చూసి, "ఇక్కడే ఉండిపోతే కార్సికాని చూసినట్టు కాదు, దీవి మధ్యలో కొండల్లో ఉన్న కోర్తే వెళ్ళండి" అన్నాడు.

అలా మూడో రోజు పొద్దున్న చిన్న రైలెక్కాను. మీటర్ గేజి, రెండు పెట్టెలు. మన అరకు రైలు తెలిసినవాళ్ళకి వర్ణించక్కర్లేదు. బ్రిడ్జి, సొరంగం, లోయ, మళ్ళీ సొరంగం. బొకొన్యానోలో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదురు సీట్లో కూర్చుంది. ఒళ్ళో గుడ్డ సంచి, డెబ్భై దాటిన వయసు. నా చేతిలో మ్యూజియం కరపత్రం చూసింది.

"ఆయన్ని మా ఊళ్ళోనే గదిలో పెట్టి తాళం వేశారు, తెలుసా?" అంది.

నాకు తెలీదు. బండి విజ్జవోనా దగ్గర నాలుగు కిలోమీటర్ల సొరంగంలోకి దూరింది. ఆ చీకట్లోనూ చెబుతూనే ఉంది. 1768లో ఇటలీలోని జెనోవా వాళ్ళు ఈ దీవిని ఫ్రాన్స్‌కి అప్పగించారు. పాస్కల్ పావొలీ నాయకత్వంలో కార్సికావాళ్ళు ఎదురు తిరిగారు. 1769 మేలో పోంతె నోవు వంతెన దగ్గర ఓడిపోయారు. అప్పుడు పావొలీ పక్షాన ఉన్న కార్లో బొనపార్తె భార్య గర్భిణి, కొండలు దాటి ఇంటికి చేరింది. ఆ ఆగస్టు 15న పుట్టినవాడు నెపోలియోనె.

"మా భాషలోనే పెరిగాడు. తొమ్మిదేళ్ళకి చదువుకని అక్కడికి పంపితే ఆ యాసకి తోటి పిల్లలు నవ్వారు."

అక్కడ అంటే ఫ్రాన్స్. దీవిలో చాలామంది నోట ఆ మాటే విన్నాను.

1789లో ఇరవయ్యేళ్ళు నిండకుండానే నెపోలియన్ పావొలీకి ఉత్తరం రాశాడట, నా దేశం చచ్చిపోతున్నప్పుడు నేను పుట్టాను అని. నాలుగేళ్ళు తిరిగేసరికి ఇద్దరికీ చెడింది. పావొలీ ఫ్రాన్స్ నుంచి విడిపోవాలనుకున్నాడు, ఈయన విప్లవం వైపు నిలబడ్డాడు. 1793లో పావొలీ మనుషులు బొకొన్యానోలో పట్టుకుంటే అక్కడివాళ్ళే కొందరు తప్పించారు. అజాక్సియో ఇల్లు దోపిడీ అయింది. తల్లి, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కట్టుబట్టలతో తూలోన్ చేరారు. నేను ఓడెక్కిన రేవే అది. ఆర్నెల్లకి అదే ఊళ్ళో ఫిరంగులతో గెలిచాడు. మాస్టారు మొదలుపెట్టిన చోటు అదీ. దానికి ముందు ఒక కుటుంబం సొంత ఊరి నుంచి తరిమివేయబడిందని మాకెవరూ చెప్పలేదు.

"మీకు ఆయన మీద కోపమా?" అని అడిగాను.

చాలాసేపు కిటికీలోంచి చూసింది. "వీలునామాలో మా ఊరివాళ్ళని గుర్తుపెట్టుకున్నాడు. కోపం ఎలా ఉంటుంది? కానీ 1799లో ఈజిప్టు నుంచి వస్తూ వారం రోజులు ఇంట్లో ఉన్నాడు. మళ్ళీ రాలేదు బాబూ. చక్రవర్తిగా పదేళ్ళు ఉన్నాడు, ఒక్కసారి కూడా రాలేదు."

నాకు గొంతు పట్టేసింది. ఇల్లు వదిలి ఆరేళ్ళయింది, రెండుసార్లే వెళ్ళాను.

కోర్తేలో దిగాక ఎండలో ఎక్కాను పైకి. రాతి కొమ్ము మీద కోట, కింద పావొలీ విగ్రహం. 1755 నుంచి 1769లో ఓడిపోయేదాకా పావొలీకి ఇదే రాజధాని. 1765లో ఇక్కడ విశ్వవిద్యాలయం పెట్టాడు. ఫ్రెంచివాళ్ళు మూసేస్తే 1981లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. ఇప్పుడు దానికి ఆయన పేరే. ఓడిపోయి 1807లో లండన్‌లో పోయినవాడికి ఇంత ప్రేమ! పారిస్‌లో నెపోలియన్ ఎర్రరాతి సమాధి చుట్టూ జనం ఫోటోలు తీసుకోవడం చూశాను గానీ, విగ్రహం పాదం దగ్గర ఎవరో పెట్టిన అడవిపూల గుత్తి ఇక్కడే చూశాను. దారి బోర్డుల మీద ఫ్రెంచి పేరుని నల్లరంగుతో కొట్టేసి కార్సికన్ పేరుని మాత్రం ఉంచారు.

మధ్యాహ్నం శాకాహారం అంటే వంటావిడ దిగులుపడింది, అంతా పంది మాంసమే. చివరికి బ్రోచ్యు జున్ను, పుదీనా వేసి ఆమ్లెట్ ఇచ్చింది. పద్నాలుగు యూరోలు! గుడ్డు తినే అలవాటు ఉండబట్టి బతికాను. రుచికి మాత్రం వంక పెట్టలేను.

సాయంత్రం బండిలో ఆ పెద్దావిడే మళ్ళీ కనిపించింది, చెల్లెల్ని చూసి తిరిగివెళ్తోంది. బండ్లు తక్కువ కాబట్టి అందరూ ఇలాగే కలుస్తారట. ఈసారి అడగడం ఆవిడ వంతు.

మాది యానాం అనీ, గోదావరి ఒడ్డున ఉంటుందనీ, 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉందనీ చెప్పాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "మీరు కూడానా?"

1804లో నెపోలియన్ తెచ్చిన సివిల్ కోడ్ ప్రకారమే మా పుదుచ్చేరి ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని కుటుంబాల పెళ్ళి, ఆస్తి వ్యవహారాలు నడుస్తాయని చెబితే సంచి పక్కన పెట్టి ముందుకి వంగింది. ఆ కోడ్ మంచిదే అంది. భార్యని భర్త చెప్పుచేతల్లో పెట్టింది కూడా అదే అంది. 1802లో కరీబియన్ దీవుల్లో బానిసత్వాన్ని నిలబెట్టిన సంగతి నేనెత్తాను. "దీవిలో పుట్టినవాడు ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది" అని తల దించుకుంది, తన ఇంటివాడి తప్పులాగా.

బొకొన్యానో దగ్గరపడింది. సంచిలోంచి చెస్ట్‌నట్ పిండి బిస్కెట్లు తీసి నా చేతిలో పెట్టింది.

"మీ భాషలో ఆ ఫ్రెంచివాళ్ళనేమంటారు?"

"మా అమ్మమ్మ పరాసోళ్ళు అనేది."

"పరాసు..." అంది. నాలుక తిరగలేదు. లేచి నిలబడి తలుపు రాడ్ పట్టుకుని ఇంకోసారి పలికింది, ఈసారి సరిగ్గా వచ్చింది. బండి ఆగింది.