బీరువా తలుపు మీది వాగ్దానం

మొన్నటిది కాదు, అంతకుముందు డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని వాగ్దానమని పళ్లెంలోంచి తీసుకునే బైబిలు వచనాల కార్డుల్లో, మా ఆయనకు వచ్చింది కీర్తనలు 91:16. "దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను." ఇంటికి రాగానే ఆ కార్డును బీరువా తలుపుకి సెలోటేప్‌తో అంటించి, "చూశావా, ఇప్పట్లో నిన్ను వదిలేది లేదు" అని నవ్వారు. జులైలో ఒక తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఆయనకు 46 ఏళ్లు.

ఆదరణ కూడికలో వచ్చినవాళ్లంతా మంచి మాటలే చెప్పారు. దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడని ఒకరు అన్నారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మా పాప తొమ్మిదో తరగతి. దానికి నాన్న కావాలి, దేవుడికి పువ్వుల కరువా?

ఆ కార్డును మాత్రం తీయలేకపోయాను. చీర కోసం బీరువా తెరిచిన ప్రతిసారీ కళ్లెదుటే ఉండేది. ఒకరోజు కోపంతో 91వ కీర్తన మొత్తం చదివాను. పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో మత్తయి 4:6 అని ఉంటే అదీ తీశాను. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు నిన్ను ఎత్తిపట్టుకుంటారని సాతాను యేసుకు చెప్పింది ఈ కీర్తనలోని మాటలే. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథే, కానీ రెండూ ఒకటే కీర్తన అని ఎప్పుడూ ఆలోచించలేదు. వాక్యాన్ని గ్యారంటీ కార్డులా చేతిలో పెట్టింది ఎవరో అప్పుడు అర్థమైంది. యేసు దూకలేదు. ఆయనకూ దీర్ఘాయువు దొరకలేదు. దుఃఖం తగ్గలేదు గానీ, దేవుడు నన్ను మోసం చేశాడన్న మంట కాస్త చల్లారింది.

నవంబర్ 2 సమాధుల పండుగ లోపల నారాయణగూడ సమాధుల తోటలో రాయి నిలబెట్టాలన్నారు అత్తమ్మ. నల్ల గ్రానైట్ మాట్లాడుకున్నాం. చెక్కే అతను "ఏ వచనం రాయాలమ్మా?" అని అడిగితే "యేసు కన్నీళ్లు విడిచెను" అని చెప్పాను. యోహాను 11:35.

"ఇంతేనా? ఇంకా చానా జాగా ఉంది."

సంఘంలో ఒక పెద్దాయన కూడా, సమాధి మీద ఆశ కలిగించే మాట ఉండాలమ్మా అన్నారు. అదే అధ్యాయంలో పైన "పునరుత్థానమును జీవమును నేనే" అని ఉంది కదా, అది రాయించమన్నారు. నిజమే. కానీ ఆ మాట చెప్పిన ఆయనే, చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపుతానని తెలిసి కూడా ఏడ్చాడు. నాకు ఆ ఏడుపే కావాలి. అత్తమ్మ నా వైపు మాట్లాడారు. ఆ రోజు కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పరిచి, చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

క్రిస్మస్ ఎలాగో గడిచింది. ఇంటి ముందు స్టార్ కట్టలేదు. క్యారల్స్ పిల్లలు గేటు దగ్గర ఆగి, డ్రమ్ము పక్కన పెట్టి మెల్లగా పాడి వెళ్లారు.

అసలు టెన్షన్ 31 రాత్రి గురించే. వెళ్లనన్నాను. పాప బట్టలు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. వెళ్లక తప్పలేదు. పన్నెండుకి ముందు లైట్లు ఆర్పి అందరం మోకరించాం. గంట మోగింది, బయట టపాసులు, లోపల హ్యాపీ న్యూ ఇయర్లు. నేను లేవలేదు. పక్కనున్న ఆవిడ ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆర్నెల్లలో నాకు దొరికిన ఆదరణ అంటే అదే.

తర్వాత వాగ్దానాల పళ్లెం వచ్చింది. ఆ కార్డుల మీద ఎప్పుడూ తీపి మాటలే ఉంటాయి. విలాపవాక్యములు నుంచి వేసినా, ఆ మూడో అధ్యాయంలోని కృప మాట ఒక్కటే ఏరుకుని వేస్తారు. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ ఇంట్లోనే ఉండిపోయారు కాబట్టి పాప తనకొకటి, నాకొకటి, నానమ్మకొకటి తీసింది. అలవాటుగా నాలుగోది కూడా తీసింది. తీశాక గుర్తొచ్చినట్టుంది, గుప్పిట మూసుకుంది. తిరిగి పళ్లెంలో వెయ్యమని నేను చెప్పలేదు. అది ఇప్పుడు దాని పెన్సిల్ బాక్సులో ఉంది. మీద ఏముందో నేను అడగలేదు.

జనవరి మొదటి ఆదివారం మా సంఘంలో నిబంధన ఆరాధన, అంటే దేవుడితో మన ఒడంబడికను మళ్లీ కొత్తగా చేసుకోవడం. మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడు జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి అది, వెస్లియన్ మిషనరీల ద్వారా మా దాకా వచ్చింది. నీ చిత్తమైతే నన్ను పనిలో పెట్టు, నీ చిత్తమైతే శ్రమలో పెట్టు అనే అర్థం వచ్చే ప్రార్థనను సంఘమంతా కలిసి చదవాలి. ఏళ్ల తరబడి గడగడా చదివేసిందాన్నే, శ్రమ అన్న మాట దగ్గర నోరు పెగల్లేదు. పక్కకు చూశాను. ఆటోలో మెల్లగా తీసుకొచ్చిన అత్తమ్మ పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. ఆమె పెదవులూ కదలడం లేదు.

ఆ వాక్యాన్ని మిగతావాళ్లు చదివేశారు. తర్వాతి దానికి ఆమె గొంతు కలిపారు, నేనూ కలిపాను.