అభిప్రాయం నీదే, అంకె ఎక్కడిది?

అనంతపురంలో మా డిగ్రీ కాలేజీ నుంచి నెలకోసారి వచ్చే చిన్న పత్రికలో అభిప్రాయాల పేజీ చూసుకునేది నేను. మొన్న వానాకాలంలో జూనియర్ ఒకమ్మాయి వ్యాసం తెచ్చిచ్చింది. వాళ్లది కళ్యాణదుర్గం వైపు పల్లె. శెనక్కాయ ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు, కొర్ర, సజ్జ, కంది కలిపి వేసుకోవాలి అన్నది ఆమె వాదన. బాగా రాసింది. కోపం కూడా నిజమైన కోపమే.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. ‘దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మన అనంతపురంలోనే.’ మేమంతా చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. మా ఇన్‌చార్జి సార్ దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ‘ఎక్కడిదమ్మా?’ అని రాసి పంపారు.

“అందరికీ తెలిసిందే కదక్కా, దీనికీ ఆధారం చూపించాల్నా?” అంది.

చూపించాలి. ఇద్దరం లైబ్రరీలో కూర్చుని జిల్లా గణాంకాల పుస్తకం, వాతావరణ శాఖ లెక్కలు ముందేసుకున్నాం. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంది. జైసల్మేర్‌ది 200 లోపు. కానీ మధ్యలో రాజస్థాన్‌లోనే బార్మేర్, బికనేర్ ఉన్నాయి, అక్కడ 300 కూడా పడదు. లడఖ్‌లోని లేహ్‌లో ఇంకా తక్కువ. అంటే రెండో స్థానం మాట నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన మనదే అన్నది మాత్రం నిలుస్తుంది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కాబట్టి, ఆ అంకె ఉమ్మడి జిల్లాదని కూడా రాయాలి.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. వ్యాసమే పోయిందనుకుంది. మీ ఇంట్లో పంట ఎప్పుడెప్పుడు పోయిందో చెప్పమన్నాను.

“ఊడలు దిగేటప్పుడు వాన మొగం చాటేస్తాది. కాయ పీకేటప్పుడు కురుస్తాది. కట్టె కూడా కుళ్లిపోతాది.”

ఊడలంటే పువ్వు నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు, కట్టె అంటే పశువులకు మేతగా వేసే శెనక్కాయ చెట్టు. అసలు వాదన ఇదీ. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికొచ్చేసరికి బలం తగ్గిపోతాయి. వాన మొత్తం ఎంతన్నది కాదు, పైరుకు కావాల్సినప్పుడు పడిందా లేదా అన్నదే ఇక్కడ రైతును ముంచేది. వ్యాసాన్ని అక్కడినుంచి మొదలుపెట్టి మళ్లీ రాసింది. జైసల్మేర్ ఊసు లేకుండానే ముందుకంటే పదునెక్కింది.

తక్కిన సవరణలు త్వరగానే అయ్యాయి. ‘రైతులంతా అంటున్నారు’ అన్నచోట ఇద్దరు రైతుల మాటలు, వాళ్లను అడిగి, ఊరిపేర్లతో సహా వేశాం. చిరుధాన్యాల విత్తనాలు వేళకు ఇవ్వలేదని ఒక అధికారిని తప్పుబట్టింది. ఆయనకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన జవాబు కూడా అదే పేరాలో పెట్టాం. చివర ‘వ్యాసకర్త కుటుంబం శెనక్కాయ సాగు చేస్తుంది’ అని ఒక వాక్యం చేర్చమంటే మాత్రం చాలాసేపు ఒప్పుకోలేదు, తన మాటకు విలువ తగ్గుతుందని. నాకైతే పెరుగుతుందనిపించింది. తర్వాత ఎవరో చెప్తే తెలిసేకంటే, తనే ముందు చెప్పుకోవడం మేలు కదా.

అచ్చుకు ముందు సరిచూసుకోవడం, మనం తప్పుబట్టినవాళ్ల మాట కూడా తీసుకోవడం, దేశంలో పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో ఉన్నవే. ‘అది పెద్ద పత్రికలకు, మనం పిల్లలం, పైగా ఇది అభిప్రాయమే కదా’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఏ పంట వేయాలన్నది అభిప్రాయం. ఎంత వాన పడిందన్నది అభిప్రాయం కాదు. మన పత్రిక చదివేది పక్క బెంచీలో కూర్చునేవాళ్లు, వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు. వాళ్లకు తప్పుడు అంకె ఇచ్చే హక్కు మనకెక్కడిది?

వ్యాసం వచ్చాక సీనియర్ ఒకతను ఉత్తరం రాశాడు, జైసల్మేర్ తర్వాత మనమేనన్న సంగతి ఎందుకు వదిలేశారని. ఆ ఉత్తరాన్ని తర్వాతి సంచికలో పూర్తిగా వేశాం. కింద ఆ జిల్లాల వర్షపాతం పట్టిక ఇచ్చాం, లెక్కలు ఎక్కడినుంచి తీసుకున్నామో రాసి.