పులి కోసం వెళితే పులిహోర పోయింది

మొన్న శుక్రవారం సెలవు పెట్టి మరీ మా బాబాయ్‌ని వెంటేసుకుని గుంటూరు నుంచి నాగార్జునసాగర్ వెళ్లాను. సత్తెనపల్లి, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల అన్నీ దాటి విజయపురి సౌత్‌లో లాంచీల దగ్గర దిగితే తెలిసింది, శుక్రవారం సాగర్ మధ్య దీవిలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి సెలవని. "నువ్వు పెట్టావు, వాళ్లూ పెట్టారు" అన్నాడు బాబాయ్, ఒక్క ముక్కలో.

ఇంతదూరం వచ్చి ఊరికే డ్యామ్ చూసి పోవడమేంటని అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న అనుపు వెళ్లాం. దారంతా అడవే. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఇటువైపే కదా, పులి కనిపిస్తుందేమోనని నేను కిటికీకి అతుక్కుపోయాను. కనిపించినవి ఓ నెమలి, బోలెడు కొండముచ్చులు.

అనుపులో మనుషులే లేరు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయి మోసుకొచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. బౌద్ధ విహారం, హారీతి అనే దేవత గుడి, నాలుగు పక్కలా మెట్లున్న ఆ పెద్ద ప్రేక్షకశాల అలా వచ్చినవే. ఎవరి ఇల్లు మునిగినా సామాను ముందు గట్టెక్కిస్తాం కదా, అలాగన్నమాట.

నాకు అన్నిటికన్నా నచ్చింది శాంతిశ్రీ సంగతి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త ఆవిడ, అక్కడి మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, కట్టించింది. అక్కడి శాసనాల్లో ఓచోట రాజుని అల్లుడని కూడా చెప్పుకుంది. రాజులేమో యజ్ఞాలూ యాగాలూ, ఇంట్లో ఆడవాళ్లేమో బౌద్ధ భిక్షువులకి చైత్యాలు. "మేనరికం అప్పట్నుంచీ ఉందన్నమాట" అని బాబాయ్ తెగ సంబరపడ్డాడు, పిన్ని కూడా వరసకి ఆయన మేనత్త కూతురే మరి.

నేను ప్రేక్షకశాల పై మెట్టు మీద కూర్చున్నాను. బాబాయ్ కింద మధ్యలో నిలబడి ఏదో మామూలుగా అన్నాడు, అరవలేదు. పక్కనున్నట్టే వినపడింది.

"ఒరేయ్, పులిహోర పొట్లం నీ దగ్గరుందా?"

లేదు. హారీతి గుడి పక్కన ఓ కొండముచ్చు దగ్గరుంది.